కర్పూరం లేని రుద్రజడ

ఆ పరిశోధన కేంద్రంలో ఆయన ముక్కుకి ఉన్నంత విలువ డైరెక్టర్ సంతకానికి కూడా లేదు. అందరూ ఆయన్ని ముక్కు మాస్టారనే పిలిచేవారు, అదీ మొహం మీదే. ఆయనకి కోపం రాకపోగా, ఎవరైనా పొరపాటున అసలు హోదాతో పిలిస్తే, ఎవర్నో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూసేవాడు. వరండాలో ఎవరు ఎదురైనా "ఏమయ్యా, సబ్బు మార్చినట్టున్నావే" అనేవాడు. టీ తెచ్చే ఆవిడ కప్పు ఇంకా బల్ల మీద పెట్టకముందే "పాలు అడుగంటాయా తల్లీ" అనేవాడు. ఆవిడ నవ్వుకుంటూ వెళ్లిపోయేది. ఆ మాటల్లో గొప్పలు ఉన్నాయి, అతి కూడా ఉంది, కాని నిజం లేకపోలేదు. ఉత్త గొప్పలైతే జనం రెండోరోజే నవ్విపోదురు. నిజమైన గొప్పలు కాబట్టి ఏళ్ల తరబడి మోశారు.

అక్కడ పని రుద్రజడ మీద. తులసికి చెల్లెలి వరస అవుతుంది ఆ మొక్క. సబ్జా గింజలు దానివే. ఆకు నలిపితే ఒక మొక్క సోంపు వాసన వేస్తుంది, ఇంకొకటి లవంగం వాసన వేస్తుంది. పక్కపక్క కుండీల్లో పెరిగినా ఒకదానికీ ఒకదానికీ పోలిక ఉండదు. వంటకి ఏది పనికొస్తుంది, మందుకి ఏది పనికొస్తుంది అని తేల్చడం ఆ కేంద్రం పని. ఆకులోంచి నూనె తీసి ఒక్క బొట్టు యంత్రంలో వేస్తారు. లోపల వెంట్రుకంత సన్నటి గొట్టం చుట్టలు చుట్టుకుని ఉంటుంది. వేడికి ఆ బొట్టు ఆవిరై, అందులోని వాసనలన్నీ విడివిడిగా ఒకదాని వెనక ఒకటి బయటికి వస్తాయి. సగం ఆవిరి వెళ్లి తెర మీద గుట్టలు గుట్టలుగా గీతలు గీస్తుంది. మిగతా సగం ఒక గాజు గరాటులోంచి వస్తుంది. ఆ గరాటుకి ముక్కు ఆనించి ఒక మనిషి కూర్చుని, ఏ వాసన తగిలితే దాని పేరు పిలవాలి. పక్కన ఇంకొకరు రాసుకోవాలి. తెర రాసేవాళ్ల వైపే తిరిగి ఉంటుంది. పిలిచేవాడు దాన్ని చూడకూడదు, చూస్తే కళ్లు ముక్కుకి చాడీలు చెబుతాయని అక్కడివాళ్ల నియమం. యంత్రానికి అందనంత కొంచెం కూడా మంచి ముక్కుకి అందుతుంది. అందుకని యంత్రం ఒకటి చెప్పి ముక్కు ఇంకొకటి చెబితే, అక్కడ ముక్కు మాటే చెల్లేది.

కిందటి చలికాలం ఆయనకి జ్వరం వచ్చింది, దాంతో పాటు పడిశం. జ్వరం తగ్గింది, పడిశమూ తగ్గింది. ఆఫీసుకొచ్చి, అలవాటు ప్రకారం గుమ్మం పక్క కుండీలోంచి ఓ ఆకు తుంచి నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ లేదు. ఇంకో ఆకు నలిపాడు. వేళ్లకి పసరు అంటింది గాని ముక్కుకి ఏమీ తెలియలేదు.

చెప్పెయ్యొచ్చు కదా అంటారా? చెప్పెయ్యొచ్చు. ముక్కు దిబ్బడేసింది, కొన్నాళ్లు నన్ను వదిలెయ్యండి అంటే ఎవరు కాదంటారు? కాని ముప్పై ఏళ్లుగా ఒక్క ముక్కు మీద బతికిన మనిషి, ఆ ఒక్కటీ పోయిందని నోటితో ఎలా అంటాడు? రేపటికి వచ్చేస్తుందిలే అనుకున్నాడు. ఆ మొదటిరోజు గరాటు ముందు కూర్చున్నప్పుడు ఎదురుగా గోడ గడియారం కనబడింది. ఏ వాసన ఎప్పుడొస్తుందో ఆయనకి కంఠతా వచ్చు. ముందు యూకలిప్టస్, తర్వాత పువ్వు, ఆ తర్వాత కర్పూరం, సోంపు, చివరికెప్పుడో లవంగం. గడియారం చూస్తూ "పువ్వు, గట్టిగా" అన్నాడు. పక్కనున్నాయన రాసుకున్నాడు. తెర మీద గుట్ట కూడా లేచింది. ఎవరికీ అనుమానం రాలేదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమంటే అదే. ఒకరోజు తాగిన పిల్లి రెండోరోజు తాగకుండా ఉంటుందా? నెలలు గడిచిపోయాయి.

ఆఫీసులో దొరకని దొంగ ఇంట్లో దొరికాడు. ఒక ఆదివారం పొద్దున్న భార్య పొయ్యి మీద పాలు పెట్టి, "కాస్త చూస్తూ ఉండండి" అని చెప్పి పక్కింటికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి పాలు పొంగి పొయ్యంతా పారి, గిన్నె మాడి, ఆ కంపు మెట్ల దాకా కొడుతోంది. ఈయన మూరెడు దూరంలో మొహానికి పేపరు అడ్డం పెట్టుకుని తాపీగా చదువుకుంటున్నాడు. ఆవిడ గిన్నె తోముతూ ఆలోచించింది. మధ్యాహ్నం ఆయన కుర్చీలో కునుకు తీస్తుంటే ఉల్లిపాయ చెక్క తెచ్చి ముక్కు కింద పెట్టింది. ఆయన ఉలిక్కిపడి లేచాడు. కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి.

"ఏంటిది, కళ్లు మండిపోతున్నాయి."

"కళ్ల సంగతి సరే. వాసన వచ్చిందా?"

ఆయన కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"ఎన్నాళ్లయింది?"

"జ్వరం వచ్చినప్పట్నుంచి. వచ్చేస్తుందిలే."

"ఆఫీసులో చెప్పారా?"

"చెప్తాను."

"ముక్కు పోతే పోయింది. దాంతో పాటు నోరు కూడా పోయిందా మీకు?"

ఆవిడ నోటికి జడిసి ఆయన ఆ పూట గది బయటికి రాలేదు. కాని ఆవిడన్నదాంట్లో తప్పేముంది చెప్పండి.

ఇక మొక్కలమ్మాయి సంగతి. ముప్పై అయిదేళ్ల మనిషిని పట్టుకుని అమ్మాయేమిటంటే, చదువుకునే రోజుల్లో ఆ కేంద్రానికి వచ్చింది, అప్పుడు పెట్టిన పేరు అలాగే ఉండిపోయింది. మనిషి బహు నెమ్మది. గాజుగదిలో మొక్కల మధ్య ఉంటే ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆమెకి పట్టిన పిచ్చల్లా ఒక్కటే, ఆస్పత్రి రోగులకి పనికొచ్చే రుద్రజడ. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకీ గుండె జబ్బువాళ్లకీ ఉప్పు తగ్గించి పెడతారు కదా. ఆ చప్పిడి తిండి ఒక్క పూట తిని చూస్తే తెలుస్తుంది వాళ్ల బాధ. అందులో ఈ ఆకు వేస్తే కాస్త రుచి తగిలి నాలుగు ముద్దలు ఎక్కువ తింటారేమోనని ఆస్పత్రివాళ్లూ ఈ కేంద్రమూ కలిసి పరీక్ష మొదలుపెట్టారు. మొదటిసారి ఇచ్చిన ఆకుని రోగులు ఉమ్మేశారు. బట్టల పెట్టె నోట్లో పెట్టుకున్నట్టుంది అన్నారు. అది కర్పూరం. ఆ జాతి మొక్కలన్నిటిలోనూ ఎంతో కొంత ఉంటుంది.

అప్పట్నుంచి ఆమె కర్పూరం వెంట పడింది. ఈ మొక్క పుప్పొడి తీసి ఆ మొక్కకి అద్దడం, పుట్టిన మొక్కల ఆకు ఒక్కొక్కటే నలిపి చూడడం, కర్పూరం తగిలినవి పీకెయ్యడం, తగలనివి ఉంచి మళ్లీ అద్దడం. చుట్టాలింటికి వెళ్లినా వేళ్లు వాసన చూసుకుంటూ కూర్చుంటుందని వాళ్ల నాన్న వేళాకోళం చేసేవాడు. ఏళ్లకేళ్లు అదే పని. చివరికి ఒక్క వరస కుండీలు మిగిలాయి. ఆ మొక్క గింజ కట్టదు, కొమ్మ తుంచి గుచ్చి పెంచుకోవాల్సిందే. ఆ కుండీలు పోయాయంటే ఆ మొక్క ఇక లోకంలో లేనట్టే.

ఆ మొక్క నూనె యంత్రంలో వేసిన రోజు గరాటు దగ్గర మాస్టారు కూర్చున్నాడు. రాసే ఆయన సెలవు పెట్టడంతో ఆమే పెన్సిల్ పట్టుకుంది. మాస్టారు గడియారం చూసుకుంటూ యూకలిప్టస్ అన్నాడు, పువ్వు అన్నాడు. ఆ తర్వాత వచ్చే మాట ఎప్పుడూ ఒకటే కదా. నోరు దాని దారిన అది "కర్పూరం, కొంచెం" అనేసింది.

ఆమె చెయ్యి ఆగింది. తెర మీద గీత చాప పరిచినట్టు సాపుగా పోతోంది.

"కర్పూరమా సార్?"

అదీ అసలు సమయం. ఏమోనమ్మా, ఇవాళ నా ముక్కు సరిగ్గా లేదు అని ఉంటే పోయేది. కాని లోపల భయం ఉన్నవాడికే పైకి కోపం ఎక్కువ. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె అడిగిన మామూలు మాటకే బెదిరిపోయి, "నా ముక్కుకే పాఠాలు చెప్తావా? నీ తెర చూసి నన్నడక్కు. రాయి" అని కసిరాడు. ఆమె తలొంచుకుని రాసింది.

రాసింది రాసినట్టే డైరెక్టర్ బల్ల మీదకి వెళ్లింది. అక్కణ్ణించి ఆస్పత్రికి వెళ్లింది. కర్పూరం ఉన్న ఆకు మాకు వద్దని వాళ్లు కబురు పెట్టారు. పనికిరాని మొక్కకి గాజుగదిలో అంత చోటెందుకని, సోమవారం నాటికి ఆ కుండీలు తీసేసి ఆ చోటు ఇంకొకరికి ఇమ్మని డైరెక్టర్ చెప్పాడు. ఇదంతా మాస్టారు వింటూనే ఉన్నాడు. ఏమో, నిజంగానే కర్పూరం ఉందేమో, నేనన్నది నిజమే అయ్యుండొచ్చుగా అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. చెప్పుకున్న ప్రతిసారీ తెర మీది ఆ సాపు గీత గుర్తొచ్చేది. ఆ గీత ఆయన కళ్లతో చూసింది కాదు, ఆమె గొంతులో విన్నది.

ఊరికి ఆ చివర, ఆఫీసువాళ్లెవరూ పోని వైపు, చెవి ముక్కు గొంతు డాక్టరొకడు ఉన్నాడని భార్య వాకబు చేసింది. శనివారం ఆయన్ని దాదాపు మెడపట్టి గెంటినంత పని చేసింది. ఎండలో మఫ్లర్ చుట్టుకుని వెళ్లాడు మహానుభావుడు, ఎవరూ గుర్తుపట్టకూడదని. దారిలో అందరూ తిరిగి తిరిగి చూశారు.

డాక్టరు గది బయట టోకెన్లిచ్చే ఆవిడది పెద్ద గొంతు. "చెవివాళ్లు కిటికీ వైపు కూర్చోండి, ముక్కువాళ్లు గోడ వైపు, గొంతువాళ్లు మధ్యలో కూర్చుని మాట్లాడకుండా ఉండండి" అని అరుస్తోంది. ఈయన గోడ వైపు చివరి కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాడు. కాసేపటికి తలుపు తోసుకుని మొక్కలమ్మాయి లోపలికి వచ్చింది. టోకెన్ తీసుకుని తిన్నగా గోడ వైపే నడిచింది. పక్క కుర్చీలో కూర్చోబోయి ఆగిపోయింది.

"సార్, మీరా?"

"చెవి," అన్నాడు ఆయన తడుముకోకుండా. "చెవిలో గుబిలి. తీయించుకుందామని వచ్చాను."

"ఇది ముక్కు వరస సార్."

"అలాగా, చూసుకోలేదు."

లేచి కిటికీ వైపు వెళ్లి కూర్చున్నాడు. జుట్టు నెరిసిన మనిషి, బడి పిల్లాడిలా వరస మారి కూర్చోవాల్సి వచ్చింది. చెవివాళ్లంతా జరిగి చోటిచ్చారు. ఆమె కూడా వెనకాలే వచ్చి, గోడకి ఆనుకుని నిలబడి, గొంతు బాగా తగ్గించింది.

"ఎలాగూ మీకు కనబడిపోయాను కాబట్టి చెప్పేస్తున్నా సార్. ఆఫీసులో ఎవరికీ చెప్పకండి. నాకు సిగ్గుగా ఉంది."

"ఏంటమ్మా?"

"నా ముక్కు పాడైంది సార్. ఆ రోజు మీరు కర్పూరం అన్నారు కదా. అప్పట్నుంచి రోజూ ఆ ఆకు నలిపి చూస్తున్నాను. ఎంత చూసినా నాకు రావట్లేదు. మీకు అంత చిన్న బొట్టులో దొరికింది, నాకు గుప్పెడు ఆకులో దొరకట్లేదు. అంటే లోపం నాదేగా."

"నీదెందుకవుతుందమ్మా."

"మరెవరిది సార్?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. ఆయన మఫ్లర్ సర్దుకున్నాడు, కిటికీలోంచి బయటికి చూశాడు. చెప్పడానికి అంతకంటే మంచి చోటు, మంచి సమయం ఈ జన్మలో దొరకదు. ముక్కువాళ్ల కోసం ఒక వరసే వేసిపెట్టిన హాలు అది. అయినా పెదవి విప్పలేదు. అలాంటప్పుడు మనిషి తనని తానే చెప్పుతో కొట్టుకోవాలి.

"నాన్నకి కూడా మానేశాను సార్," అంది ఆమె. "ఆయనది ఉప్పు లేని తిండేగా. ఈ ఆకు వేసి పెడితే కంచం ఖాళీ చేసేవారు. ఇప్పుడు తెలిసి తెలిసి ఎలా పెట్టను? ఆకు ఏదమ్మా అని రోజూ అడుగుతున్నారు. మళ్లీ కంచం పక్కకి తోసేస్తున్నారు."

"ఆయనకి బాగుందంటే పెట్టొచ్చు కదా."

"ముసలాయనకేం తెలుసు సార్. నేనేం పెట్టినా బాగుందనే అంటారు."

ఇంతలో ఆమెని లోపలికి పిలిచారు. చాలాసేపటికి బయటికొచ్చింది. కళ్లకి గంతలు కట్టి వరసగా సీసాలు వాసన చూపించారట, అన్నీ సరిగ్గానే చెప్పిందట. నీ ముక్కుకి ఏ రోగమూ లేదు పొమ్మన్నాడట డాక్టరు. అది చెప్పేటప్పుడు ఆమె మొహంలో సంతోషం వెతికినా లేదు.

"అయితే మరింకేం," అన్నాడు మాస్టారు ఆశగా.

"ఆ సీసాల్లో కర్పూరం లేదు సార్. అడిగాను. అన్ని వాసనలూ బాగా తెలిసి, ఒక్కదాని దగ్గర మాత్రం మొద్దుబారిపోయిన ముక్కులు ఉంటాయని చెప్పాడు. నాది అదే అయ్యుంటుంది. గట్టిగా ఉంటే తెలుస్తుంది, కొంచెమైతే తెలియదు. కొంచెం ఉన్నవన్నీ లేనివే అనుకుని ఏరి పెట్టుకున్నాను ఇన్నేళ్లూ. సోమవారం నేనే పీకేస్తాను సార్ వాటిని. వేరేవాళ్లు పీకితే చూడలేను."

సరిగ్గా అప్పుడే టోకెనావిడ అరిచింది. "తర్వాత ముక్కు. మఫ్లర్ ముక్కాయన ఏడీ? ఇందాక గోడ దగ్గరున్నాడే."

హాల్లో అందరూ గోడ వైపు చూశారు. ఆయన మఫ్లర్ తీసి ఒళ్లో ఉండచుట్టి పెట్టుకున్నాడు. జేబులో టోకెన్ తడి అరచేతికి అంటుకుపోయింది. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కూర్చున్నాడు.

"వెళ్లిపోయినట్టున్నారు పాపం," అంది మొక్కలమ్మాయి ఆయనతో. "మీ చెవి నొప్పి పెడుతోందా సార్? మొహం అలా అయిపోయింది."

ఇంటికొచ్చి భార్యకి అంతా చెప్పాడు. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు మరి. ఆవిడ తిడుతుందనుకున్నాడు. ఆ తిట్లు తింటే కాస్త భారం దిగుతుందని లోపల్లోపల ఎదురుచూశాడు కూడా. ఆవిడ కూర తరుగుతున్న చాకు పక్కన పెట్టి ఒక్కటే అడిగింది.

"వాళ్ల నాన్న ఇవాళ అన్నం తిన్నాడో లేదో కనుక్కున్నారా?"

ఆయనకి తల కొట్టేసినట్టయింది. ఎంతసేపూ తన పేరు పోతుందని, తన కుర్చీ పోతుందనే తప్ప, కంచం ముందు కూర్చున్న ఆ ముసలాయన ఒక్కసారీ మనసులోకి రాలేదు. భార్య మళ్లీ చాకు అందుకుంది.

సోమవారం పొద్దున్నే డైరెక్టర్ గదిలోకి వెళ్లి చెప్పేద్దామని బయల్దేరాడు. దారి పొడవునా మాటలు కూర్చుకున్నాడు. డైరెక్టర్ గది ముందుకి వచ్చేసరికి కాళ్లు వాటంతటవే యంత్రం గది వైపు తిరిగాయి. అక్కడ మొక్కలమ్మాయి అప్పటికే వచ్చి ఉంది. చేతిలో సీసా, అడుగున కాస్త నూనె.

"మీకోసమే చూస్తున్నా సార్. కుండీలు తీసేముందు ఒక్క సాయం చెయ్యండి. ఇంకోసారి మీరు పిలవండి. మీరు కర్పూరం అనగానే లేవండి, నేను వెంటనే గరాటు దగ్గర ముక్కు పెడతాను. ఎంత కొంచెం ఉంటే కర్పూరం అనాలో ఒక్కసారి తెలిస్తే చాలు, నేర్చుకుంటాను. మొక్క పోతే పోయింది, ముందు ముందు ఇలాంటి తప్పు చెయ్యకూడదు కదా."

గాజుగది తాళాల కోసం వచ్చిన డైరెక్టర్ ఆ మాట విని, "మంచి ఆలోచనే, నేనూ చూస్తాను" అని గోడవారగా నిలబడ్డాడు. కాదనడానికి సాకు లేకుండా పోయింది. మాస్టారు గరాటు ముందు కూర్చున్నాడు. ఆమె బొట్టు వేసి, పెన్సిల్ పుచ్చుకుని, కుర్చీ అంచున సిద్ధంగా కూర్చుంది, ఎప్పుడు లేవమంటే అప్పుడు లేవడానికి.

గడియారం ముల్లు తిరుగుతోంది. యూకలిప్టస్ వేళ అయింది. నోరు తెరిచాడు. ఆమె వైపు చూడకుండా ఉండాల్సింది, చూశాడు. పరీక్ష రాసే పిల్లలా ఆయన పెదవుల వంకే చూస్తోంది. నోరు మూసుకున్నాడు.

"యూకలిప్టస్ వెళ్లిపోయింది సార్," అంది ఆమె మెల్లగా.

ఆయన పలకలేదు. తెర మీద పెద్ద గుట్ట లేస్తున్నట్టుంది.

"పువ్వు కూడా సార్."

"ఏం మాస్టారూ, కునుకు పట్టిందా?" అన్నాడు డైరెక్టర్.

మాస్టారు గరాటు మీంచి మొహం ఎత్తలేదు. ఎత్తితే వాళ్ల మొహాలు చూడాలి.

"నాకేమీ రావట్లేదు," అన్నాడు.

"ఇవాళ ఒంట్లో బాగాలేదా?"

"ఇవాళ కాదు. చలికాలం జ్వరం వచ్చినప్పట్నుంచి ఏమీ రావట్లేదు. ఉల్లిపాయ వాసన కూడా తెలియట్లేదు. గడియారం చూసి పిలుస్తున్నాను."

డైరెక్టర్ మళ్లీ అడిగాడు. "మరి ఆ కర్పూరం?"

"అదీ గడియారమే. నాకు వాసనా లేదు, పాడూ లేదు. ఆ అమ్మాయి అడిగింది కూడా, కర్పూరమా అని. అడిగినందుకు కసిరాను." అప్పుడు లేచి ఆమె వైపు తిరిగాడు. "నాకు చెవిలో గుబిలి లేదమ్మా. ఆ రోజు పిలిచిన మఫ్లర్ ముక్కు నేనే."

డైరెక్టర్ అనవలసినవి చాలానే అన్నాడు. జ్వరం తర్వాత మీరు పిలిచినవన్నీ కొట్టేయాలి, ఆస్పత్రికి ఏ మొహం పెట్టుకుని ఉత్తరం రాయను, ఇన్నేళ్ల మనిషి ఇంత పనా చేసేది అన్నాడు. మాస్టారు ప్రతి మాటకీ తలూపాడు. ఆ మాటలు ఆయన్ని పెద్దగా తాకలేదు, ఎందుకంటే అవన్నీ అంతకుముందే తనని తాను అనుకున్నవే. ఆమె ఏమంటుందోనని ఒళ్లంతా చెవులు చేసుకుని నిలబడ్డాడు. తిడితే బాగుండు, సీసా తీసి మొహాన కొట్టినా బాగుండు.

ఆమె పెన్సిల్ బల్ల మీద పెట్టింది.

"అయితే నా ముక్కు బాగానే ఉన్నట్టా సార్?"

"బాగానే ఉందమ్మా. మొదట్నుంచీ బాగానే ఉంది."

ఆమె కొంగుతో కళ్లు అద్దుకుంది. కోపం జాడ లేదు. ఏదో పోగొట్టుకున్న వస్తువు దొరికినదానిలా, ఒక్కసారి తన వేళ్లు వాసన చూసుకుంది. అది చూసి ఆయనకి భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. ఇన్నాళ్లూ ఆ మనిషి దగ్గర్నుంచి తను కాజేసింది మొక్క ఒక్కటే కాదని అప్పటికి తెలిసింది.

"కుండీలు ముట్టుకోవద్దని నేను చెప్పొస్తాను," అన్నాడు డైరెక్టర్. "ఆ నూనె ఇంకో బొట్టుందా? ఉంటే మళ్లీ వెయ్యండి. ఈసారి పిలిచేది నువ్వమ్మా. రాయడానికి మాస్టారు ఉన్నారుగా. తెర మీద ఉన్నది చూసి, ఆ అమ్మాయి చెప్పింది చెప్పినట్టు రాయండి మాస్టారూ, ఆ మాత్రమైనా." తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు.

మాస్టారు అవతలి కుర్చీలోకి మారాడు. అన్నేళ్లలో ఆ కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు. ఆమె బొట్టు వేసి వచ్చి గరాటుకి ముక్కు ఆనించింది, కళ్లు మూసుకుంది.

"యూకలిప్టస్, కొంచెం."

రాశాడు.

"పువ్వు. గట్టిగా. ఇంకా ఉంది... ఇంకా... అయిపోయింది."

ఆయన అదీ రాశాడు. తెర మీద గుట్ట దిగి, గీత మళ్లీ సాపుగా నడవడం మొదలుపెట్టింది. ఆమె మాట ఆగిపోయింది. ముక్కు గరాటుకి ఇంకా గట్టిగా ఆనించింది. భుజాలు బిగుసుకున్నాయి.

"ఇప్పుడేనా సార్, అది వచ్చే వేళ?"

"ఇప్పుడేనమ్మా."

"నాకేం రావట్లేదు సార్." కాస్త ఆగింది. "మీరేమంటారు?"

ఆయన చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. కాసేపటి క్రితం, ఇదే గదిలో, నాకు వాసనా లేదు పాడూ లేదని చెప్పినవాడు ఆయనే. ఆమె విన్నది కూడా, అయినా ఆయన్నే అడుగుతోంది.

"నేననేదేం లేదమ్మా. నీకు రాకపోతే లేనట్టే."

"నిజంగానా సార్?"

గరాటు మీంచి ముక్కు తీయకుండా, కళ్లు తెరవకుండా, ఆయన మళ్లీ చెప్పేదాకా ఆమె అలాగే ఎదురుచూసింది.